ఎర్రతోలు వాషరు

రాజమణికి పొద్దుగాల చాయ్ తాగకముందే ఉమ్మే పని ఉంటది. నయాపూల్ దాటినంక ఎడమ దిక్కు గల్లీల, తాళాలు బాగుచేసే తాహిర్ దుకాణం పక్కపొంటే ఆమె మల్గీ. తలుపు చెక్కలు ఒక్కొక్కటి తీసి గోడకు ఆనిచ్చి, నిన్న వచ్చిన మందు పంపులను బెంచీ మీద వరుసగ పెడుతది. నల్లులకు, దోమలకు, బొద్దింకలకు మందు కొట్టే రేకు పంపులు. ముంగట గుండ్రటి డబ్బ, ఎనక గొట్టం, గొట్టంల కాడ, కాడ కొసకు తోలు వాషరు. ఒక్కొక్కదాని మూతి ముక్కు కాడికి తెచ్చుకుంటది. వాసన చూస్తది. "థూ" అని మోరీల ఉమ్ముతది. పక్కకు పెట్టి ఇంకోటి తీస్తది.

పంపులు ఊకె మూసుకపోతయి. మందుల ఉన్న మడ్డితోని కొంత, తుప్పుతోని కొంత, అబద్ధాలతోని ఎక్కువ. ఏ ఇంటి గోడలకు ఆ పంపుతోని మందు కొడుతరో, ఆ గోడల నడుమ ఎవ్వలన్న అబద్ధమాడితే అది పోయి పంపు మూతిల నల్లగ, జిగటగ, చెవిల గుబిలి లెక్క పేరుకుంటది. చిన్న అబద్ధమైతే వారం పది దినాలు పడుతది. పెద్దదైతే మాట నోట్లకెళ్లి ఊడిపడ్డంతసేపు కూడ పట్టది. పొయ్యి మీది గిన్నెకు మసి పట్టినట్టే పంపుకు అబద్ధం పడుతదని గల్లీల అందరికీ ఎరుకే. "మొన్ననే తీపిస్తి గదనే, మళ్ల జామైంది" అని లొల్లి పెట్టేటోళ్లు ఉంటరు గని, ఎందుకు జామైందని అడిగేటోళ్లు ఎవ్వలుండరు.

వాసనల్ల కూడ రకాలున్నయి. భయపడి ఆడిన అబద్ధం పులిసిన గంజి వాసనొస్తది. సిగ్గుకు ఆడింది తడిసి ముక్కిన బొంత వాసన. ఎదుటోళ్ల దగ్గర ఏమన్న గుంజుకుందామని తియ్యగ ఆడిన అబద్ధముంటది చూడు, అన్నిట్లకెల్ల అదే కంపు. బెల్లం పాకంల ఎలుక పడి చచ్చి, నాలుగొద్దులైనంక మూత తీస్తే ఎట్లుంటదో గట్ల. ఆ వాసనొచ్చిన దినం రాజమణికి అన్నం సహించదు. పచ్చి ఉల్లిగడ్డ నమిలి నీళ్లు తాగి పంటది.

పాతికేండ్లు ఇదే పని. మూతి ఊడదీసి గ్యాస్‌నూనెల నానబెట్టాలె. స్టవ్వు పిన్నుతోని మెల్లగ పొడవాలె. ఇంట్ల ఎవ్వలన్న తెలివి మీరి దబ్బనంతోని పొడుస్తే బొక్క పెద్దగైతది. మంచు లెక్క లేవాల్సిన మందు ముసలోని ఉచ్చ లెక్క కారుతది. అప్పుడు చూసినోళ్లందరికీ తెలిసిపోతది, ఈ ఇంటోళ్లు అబద్ధాన్ని చాటుంగ కడిగేసుకున్నరని. రేకు పలిగితె కావియ కాల్చి, సీసం కరిగిచ్చి టాంకా పెట్టాలె. ఇగ వాషరు. రాజమణి బజార్ల దొరికే వాషర్లు ఎయ్యదు. "మీ ఇంట్ల తొడిగి పారేసిన తోలుచెప్పు తేండ్రి" అంటది. ఆ తోలునే గుండ్రంగ కోసి, ఒక రాత్రంత ఆముదంల నానబెట్టి కాడకు బిగిస్తది. ఇంటి తోలైతేనే ఆ ఇంటి గాలిని గట్టిగ పడుతదని ఆమె లెక్క. ఆమెకు ఈ పని నేర్పిన మొగడు ఆగయ్యకు కూడ గింత పట్టింపు లేకుండె. ఆగయ్య పోయి ఎనిమిదేండ్లాయె. ఆయన బతికున్నన్ని దినాలు వాళ్ల ఇంటి పంపు వారానికోసారి జామయ్యేది. పోయినంక ఒక్కసారి కూడ కాలె. మల్గీ ఎనక పరదా ఉంటది, పరదా ఎనక అర్ర, అర్రల మొలకు ఏలాడే ఆమె పంపు. ఒంటిగ ఉన్న మనిషి ఎవ్వలతోని అబద్ధమాడుతది? ఆ పంపును చూసుకొని రాజమణి మస్తు మురిసేది.

ఆ దిక్కు సంబంధాలు కలుపుకునేటప్పుడు, ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు, ముందు పంపు చూస్తరు. గోడ మీద ఒక్కసారి కొట్టి చూపెట్టాలె. సన్నగ మంచు లేచిందా, ఇగ మాట్లాడొచ్చు. కొత్త పంపు తెచ్చి చూపెట్టినోళ్లకు చాయ్ కూడ పొయ్యకుండ తోలిస్తరు.

అట్లున్న రాజమణికి ఆ ఏడు వానాకాలం జరమొచ్చింది. మూసీ పొంగకపోయినా మోరీలు పొంగినయి. అర్రలకు నీళ్లొచ్చినయి, నీళ్లతోని అందరి ఇండ్ల పీతి వచ్చింది. మంచం మీద కాళ్లు పైకి పెట్టుకొని ఆరొద్దులు పన్నది. నోరు పిడచగట్టుకపోతే చెంబు అందిచ్చే దిక్కు లేకుండె. మంచం కోళ్లల్ల నల్లులు, గోడ మీద జెర్రి, కింద తేలుకుంట పోయే చచ్చిన పందికొక్కు. ఏడో దినం తాహిర్ వచ్చి, "ఆపా, బతికే ఉన్నవా?" అని పరదా అవుతలకెళ్లి అడిగిండు.

"ఉన్న. సావుకు కూడ ఈ కంపుల అడుగు పెట్టబుద్ధి కాలేదు" అన్నది రాజమణి.

జరం తగ్గింది గని దగ్గు మిగిలింది. గ్యాస్‌నూనె వాసన తగిలితె చాలు, పేగులు నోట్లకొచ్చినట్టైతుండె. సరిగ్గ అప్పుడే మరిది ప్రహ్లాద్ వచ్చిండు. ఆగయ్యకు తమ్ముడు, బహదూర్‌పురల ఉంటడు. ఎనిమిదేండ్లల్ల రెండుసార్లు వచ్చిన మనిషి, ఇప్పుడు బత్తాయిల సంచి పట్టుకొని అర్రలకొచ్చి, మంచం మీద అంగోస్త్రం పరుచుకొని కూసున్నడు.

"వదినె, నువ్వు గిట్ల ఈ మురికిల పడి ఉంటే అన్న ఆత్మ ఉసూరుమంటది. మా ఇంటికి రా. విమల రోజు అంటది, అక్క లేక ఇల్లు బోసిగ ఉందని. ఇంత అన్నం మేం తిన్నదే నువ్వు తింటవ్."

"మరి మల్గీ?"

"మల్గీ ఏడికి పోతది? కాయితం మీద నా పేరు చేపియ్యి, నేను చూసుకుంట. నీకెందుకు ఇగ ఈ లొల్లి?"

రాజమణి బత్తాయి పొట్టు ఒలుసుకుంట, "నాకు ఎవ్వల అవసరం లేదు ప్రహ్లాదూ. ఒక్కదాన్నే మస్తుగున్న" అన్నది.

తెల్లారి మంచం ఎండకు ఏసి నల్లులకు మందు కొడదామని మొలకున్న పంపు తీసింది. కాడ నూకింది. నూకితే నూకుడు పోలె. ఇంకోసారి బలంగ నూకింది. మూతి కాడ పుసుక్కుమని ఒక నల్లటి బుడగ లేచి పలిగింది.

రాజమణి దబ్బున పంపును ఒళ్లె దాసుకున్నది. అటిటు చూసింది, ఎవ్వలు చూడలేదు. మందిది ఎంత మడ్డైనా ముక్కు కాడ పెట్టుకునే మనిషి, తన పంపు మూతి తీసేటప్పుడు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. వాసన చూడనే లేదు. పిన్నుతోని మడ్డిని ఊడదీసి, పేపరు ముక్కల పొట్లం కట్టి, ఖాళీ నాస్యం డబ్బిల పెట్టి మూత బిగిచ్చింది. పారెయ్యబుద్ధి కాలేదు, ఉంచుకోబుద్ధి కాలేదు.

"నేనే అబద్ధమాడిన" అనుకున్నది. "అవసరం లేదంటి. ఉన్నది. ఆరొద్దులు చెంబెడు నీళ్ల కోసం కుక్క లెక్క ఎదురుచూసి, మస్తుగున్ననంటి. థూ, నా బతుకు."

గట్ల ఆమె మనసు మారింది. వారం తిరిగేసరికి ప్రహ్లాద్‌కు కబురు పంపింది, వస్తనని.

తాహిర్ తాళం చెవి ఆకురాయికి రాసుకుంట విన్నడు. "మంచిదే ఆపా. గని మల్గీ ఒకసారి చేయి దాటితే మళ్ల రాదు. పని పోతది, నీడ పోతది. వాళ్ల పంపు చూసినవా?"

"సొంత మరిది పంపు చూపియ్యమంటే బాగుంటదా?"

"సొంతోళ్లదే మొదలు చూడాలె. పరాయోళ్లకు మనతోని అబద్ధమాడే పనేముంటది?"

రాజమణి అడిగిపిచ్చింది. ప్రహ్లాద్ ఏం మొహం మాడ్చుకోలె. "అయ్యో, అట్లనే, వదినె పద్ధతి వదినెది" అన్నడంట.

ఆదివారం పగటీలి ప్రహ్లాద్, విమల ఇద్దరు రిక్షాల దిగిండ్రు. విమల చేతుల గుడ్డసంచి, సంచిల పంపు. ప్రహ్లాద్ జేబుల మడతపెట్టిన స్టాంపు కాయితం, వేలిముద్రకు సిరా డబ్బి. సాక్షి సంతకానికి తాహిర్‌ను పిలిచిండ్రు. పంపు పాతదే, అడుగున సొట్ట కూడ ఉన్నది. పైన మాత్రం పచ్చ రంగు ఏసి ఉండె.

"రంగేంది?" అన్నది రాజమణి.

"తలుపులకు ఏసినంక మిగిలిందక్కా. తుప్పు పట్టకుండ దీనికి కూడ ఇంత రాసిన" అని విమల నవ్వింది.

రాజమణి పంపు తీసుకొని గోడ దిక్కు తిప్పి కాడ నూకింది. మంచు. పొద్దున గడ్డి మీద ఉండేటంత సన్నటి మంచు లేచి, గోడ మీద గుండ్రంగ పరుచుకొని, సప్పుడు లేకుండ ఇంకిపోయింది. మూతి ముక్కు కాడ పెట్టుకున్నది. ఉత్త మందు వాసన. పాతికేండ్లల్ల గింత సాఫుగున్న మూతి ఆమె మూడో నాలుగో చూసి ఉంటది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినట్టే ఉండె గని, దగ్గొచ్చి ఆ పని ఆగిపోయింది.

"చూసినవా వదినె? మా ఇంట్ల మాటంటే మాటే" అన్నడు ప్రహ్లాద్. కాయితం బెంచీ మీద పరిచి, సిరా డబ్బి మూత తీసి, రాజమణి బొటనేలు పట్టుకున్నడు.

"ఆగు. చేతికొచ్చిన పంపును ఆముదం చుక్క ఎయ్యకుండ తిరిగి ఇచ్చే అలవాటు నాకు లేదు."

"ఇప్పుడెందుకక్కా, మనింటికే వస్తివి గదా, ఆడ ఏద్దువు" అని విమల పంపు అందుకోబోయింది.

"నిమిషం పని. బిగుసుకొని అంటుకపోతే వాషరు పాడైతది."

రాజమణి బొటనేలు ఇడిపిచ్చుకొని గొట్టం ఎనక మూత తిప్పి, కాడను బయటికి గుంజింది. కొసకున్న వాషరు ఎర్రగ ఉండె. మందుల నాని, ఆముదంల నాని, అన్నేండ్లయినా ఇంక ఎర్రగనే, కోసిన దానిమ్మ గింజ లెక్క. అంచుకు ఒక చిన్న గాటు. అది రాజమణి పెట్టే గాటే. తను కోసిన ప్రతి వాషరుకు కాడ ఏ దిక్కు కూసోవాల్నో గుర్తుకు పెట్టుకునే గాటు.

ఏండ్ల కింద బహదూర్‌పురకెళ్లి ఖైసర్ బేగం అనే ముసలామె పంపు పట్టుకొని మల్గీకి వచ్చిన దినం రాజమణి కండ్ల ముంగట నిలబడ్డది. వాషరుకు తోలు తెమ్మంటే మొగని పెండ్లి జూతీ తెచ్చింది, ఎర్రతోలు మీద జరీ పని. "ఇంత మంచి జోడా కొయ్యాల్నా అమ్మా?" అని అడిగితే, "కొయ్, కొయ్. జూతీ మంచిదే, తొడిగినోడే నికమ్మా, దేనికీ పనికిరానోడు" అన్నది ముసలామె. కోసినంక మూడొద్దుల దాక రాజమణి ఏళ్ల ఎరుపు పోలేదు.

"ఈ తోలు ఎవ్వలదే విమలా?"

విమల మొగని దిక్కు చూసింది. "మా తాత చెప్పుది."

"మీ తాత బండలు పగిలే ఎండల ఉత్త కాళ్లతోని తిరిగినోడు. ఆయన దినాలకు నేను అన్నం వండిన. ఆయన జరీ జూతీ ఎప్పుడు తొడిగిండే, పాడె మీదనా?"

తాహిర్ ఆకురాయి కింద పెట్టిండు. ప్రహ్లాద్ ఆమె బొటనేలు మళ్ల పట్టుకున్నడు, ఈసారి ఇంకింత గట్టిగ.

"వదినె, అంత పెద్దమనిషివి, గింత తోలుముక్క పట్టుకొని పంచాయితీ ఏంది? మా పంపు పాడైంది. పక్కింటి ముసలిదాన్ని నల్లులకని అడుక్కొచ్చినం. ఏమైంది గిప్పుడు?"

"మీ పంపుకు ఏం పాడైంది?"

ప్రహ్లాద్ ఆమె బొటనేలిని సిరా డబ్బి దిక్కు గుంజిండు.

"నేను చెప్పాల్నా? జామైంది. తియ్యనీకె పోతే బొక్క పెద్దగైంది. గందుకే పక్కింట్లది తెచ్చి రంగు పూసిండ్రు. చెయ్యి ఇడువు."

"దిక్కులేని సావు చస్తవే. నిన్ను పందికొక్కులు పీక్కతింటయి."

"తిననియ్యి. అవి తినే ముందు ఇంట్ల చోటిస్తమని చెప్పయి."

తాహిర్ లేసి నిలబడ్డడు. "భాయ్‌సాబ్, చెయ్యి ఇడువుండ్రి. నా చేతిల పట్కారున్నది." అప్పుడు ఇడిసిండు. సిరా డబ్బి తన్నుకొని బెంచీ కింద బోర్ల పడ్డది. స్టాంపు కాయితం మడతపెట్టుకుంట, విమలను తిట్టుకుంట పోయి రిక్షా ఎక్కిండు. పచ్చరంగు పంపు యాది కూడ లేదు, బెంచీ మీదనే మిగిలింది.

రాజమణి చేయి సబ్బుతోని మూడుసార్లు కడుక్కున్నది. అయినా ఆని చెమట పోయినట్టు అనిపియ్యలె. ఆ తరువాత అర్రలకు పోయి, గూట్లకెళ్లి నాస్యం డబ్బి తీసింది. కొంగు అడ్డం పెట్టుకోకుండ పొట్లం ఇప్పి ముక్కు కాడికి తెచ్చుకున్నది.

ఎలుక. బెల్లం పాకంల ఎలుక.

"ఓ నీ నోట్ల మన్ను వడ" అని గోడకు ఒరిగి వాంతి చేసుకోబోయి ఆపుకున్నది. ఆ దినం అర్రల కూసొని మాట్లాడింది తను ఒక్కతే కాదు. ప్రహ్లాద్ కూడ మాట్లాడిండు. అక్క లేక ఇల్లు బోసిగ ఉందన్నడు. ఈ గోడల నడుమనే అన్నడు. పాతికేండ్లు ఊరందరి మడ్డి వాసన చూసి, తన పంపు కాడికొచ్చేసరికి ముక్కు మూసుకున్నది. ఒక్కసారి పీల్చి ఉంటే ఆ దినమే తెలిసిపోయేది.

పిన్నుతోని మడ్డిని గీకింది. పై పొర ఊడొచ్చింది. కింద ఇంకో పొర ఉన్నది. పలుచగ, బూడిద రంగుల. దాన్ని కూడ వాసన చూసింది. తడిసి ముక్కిన బొంత.

అది మాత్రం తనదే. రాజమణి చానసేపు దాన్ని గోటి మీద పెట్టుకొని చూసింది. ఎలుక కన్న అదే ఎక్కువ రోతగ అనిపిచ్చింది.

తెల్లారి పచ్చరంగంత గ్యాస్‌నూనెతోని గీకి, ఎర్ర వాషరుకు ఆముదం పెట్టి, పంపును సంచిల ఏసుకొని అఫ్జల్‌గంజ్ కాడ జూపార్కు బస్సెక్కింది. బస్సుల పక్కనామె ఒళ్లె కోడి, ఎనక సీటోడు కక్కుకుంట వచ్చిండు. బహదూర్‌పురల దిగి అడుక్కుంట పోతే, ప్రహ్లాద్ ఇంటికి రెండిండ్ల అవుతల ఖైసర్ బేగం ఇల్లు దొరికింది. పెద్ద వాకిలి, వాకిట్ల పావురాలు, పావురాల రెట్ట. దూరంగ జూల సింహం దగ్గినట్టు అరిసింది.

ఖైసర్ బేగం చెక్క తఖ్తు మీద కూసొని పాన్‌దాన్ ముంగటేసుకొని ఉన్నది. డెబ్బయేండ్లకు అవుతల మనిషి. తలెత్తి చూసి, ముక్కు మూసుకున్నది.

"కౌన్? పంపులామెవా? దూరం కూసో. గ్యాస్‌నూనె డబ్బ నడిచొచ్చినట్టున్నవ్."

"మీ వాకిలి కంటే నయమే అమ్మా. చెప్పుల కింద రెట్ట పచపచమంటుంది."

"ఊడ్చే మనిషి పని మానేసి పోయింది. నేను వంగలేను." ముసలామె పంపు తీసుకొని తిప్పి తిప్పి చూసింది. "మొన్న పొద్దున ఆ ప్రహ్లాద్‌గాడు నల్లులకని తీసుకపోయిండు. వాని మొహం నాకు మొదలే నచ్చలె, గదే మాట వాని మొహం మీద చెప్పి ఇచ్చిన. నీ తాన ఎట్లున్నది?"

రాజమణి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఖైసర్ బేగం పాన్ నములుకుంట వింటనే ఉన్నది. అంత అయినంక పీక్‌దాన్ల ఎర్రగ ఉమ్మి, "నువ్వు కూడ బేవకూఫ్‌వే. చెంబెడు నీళ్లకు మల్గీ రాసిస్తవా?" అన్నది.

"ఇద్దామనుకున్న. నిజమే."

"మరి ఇప్పుడు నీళ్లెవ్వలిస్తరు?"

"ఎవ్వలియ్యరు."

పావురం ఒకటి వచ్చి తఖ్తు అంచు మీద వాలింది. రెట్ట ఏసి పోయింది. ఇద్దరు దాన్ని చూసిండ్రు, ఇద్దరికీ రోతయింది, ఇద్దరు లెవ్వలేదు. ముసలామె మోకాలు ఒత్తుకుంటుండె. కుండ మీద గ్లాసు బోర్లించి ఉన్నది, దాని మీద దుమ్ము. అర్రల పొయ్యి చల్లగ ఉన్నది. ఇంట్ల రెండో మనిషి అలికిడి లేదు.

"మీకు ఎవ్వలున్నరమ్మా?" అన్నది రాజమణి. "జరమొస్తే, గిట్ల."

ఖైసర్ బేగం గడ్డం పైకెత్తింది. "నాకెందుకు ఎవ్వలు? నాకెవ్వల అవసరం లేదు."

రాజమణి లేసింది. పంపు ముసలామె ఒళ్లెకెళ్లి తీసుకొని, గోడ దిక్కు తిప్పి, మెల్లగ కాడ నూకింది.

పోలె.

ఇంకోసారి నూకింది. మూతి కాడ చిన్న నల్ల బుడగ లేచి, పుసుక్కుమని పలిగింది. ఆ ఇంట్ల గట్ల జరుగుడు అదే మొదలు. ఖైసర్ బేగం ఆ బుడగ దిక్కు, తన పెదవి మీద ఎవ్వలో ఉమ్మినట్టు చూసింది. రాజమణి మూతిని ముక్కు కాడికి తెచ్చుకొని ఒకసారి పీల్చింది. తడిసి ముక్కిన బొంత. తన గోటి మీదిదే వాసన.

"ఏమొస్తుంది?" అన్నది ముసలామె, గొంతు తగ్గిచ్చి.

"ఏమొస్తదో మీకు ఎరుకే."

"థూ" అన్నది ఖైసర్ బేగం. పాన్ దవడకు నూకింది. చేత్తోని వాకిలి అవుతలున్న అర్ర చూపెట్టింది. "అది ఖాళీగున్నది. పొద్దంత నీ మల్గీకి పో, మల్గీ ఎవ్వలకు ఇయ్యకు. పొద్దుమీకి రా. ఆ చేతులు సబ్బుతోని కడుక్కోని గిన్నెలు ముట్టు. నాకు కంపు పడది."

"పావురాలను నేను కొడుత. ముందే చెప్తున్న."

"కొట్టు. నాకు కూడ అసహ్యమే."

రాజమణి కొంగు నడుముకు చెక్కి, సంచిల స్టవ్వు పిన్ను కోసం ఎతికింది. దొరికినంక గడప మీద కూసొని, పంపు మూతి ఊడదీసి, ముసలామె చూస్తుండంగనే ఆ అబద్ధాన్ని పొడుసుకుంట, ఉమ్ముకుంట, తియ్యబట్టింది.